రెండు పడకల బండి

మా వదిన ముక్కుతో బతికింది. ఊపిరి సంగతి కాదు నేను చెప్పేది. ఆవిడ ముక్కుతో జీతం తెచ్చుకుంది, ముక్కుతో ఇల్లు ఏలింది, ఆ ముక్కుతోనే నన్ను కాల్చుకు తింది. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆవిడ నిక్షేపంలా ఉంది కనుక నాకు ఆ అడ్డు లేదు.

వదిన అంటే మావారి అక్క. పాల డెయిరీలో పని. తెల్లవారుతూనే లారీల్లో పాల క్యాన్లు వచ్చి సిమెంటు గట్టు మీద వరసగా దిగేవి. వాటిని లోపలి పెద్ద ట్యాంకులో పోసే ముందు ఒక మనిషి వాసన చూసి సరే అనాలి. ఆ మనిషి మా వదిన. క్యాన్ మూత తీసి, పాల మీదకు వంగేది కాదు, ఆ మూతనే తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకునేది. వాసనంతా మూతలో పేరుకుంటుందట. ఒక్క పీల్పు. బాగుంటే క్యాన్ మీద కర్రతో ఒక దెబ్బ, బాగోకపోతే కాలితో పక్కకు ఒక తోపు. తెచ్చినవాడి ముఖం మాత్రం చూసేది కాదు. ఒకసారి ఒక ముసలాయన, "ఆవుకి జబ్బు చేస్తే మందేశామమ్మా, ఈ పూటకి పోనియ్యి" అని చేతులు పట్టుకోబోతే, "ముందు ఆ చేతులు కడుక్కో, పేడ కంపు" అందట. ఆయన ఆ పాలన్నీ అక్కడే కాలవలో ఒంపేసి ఖాళీ క్యాన్ మోసుకుపోయాడు. ఈ సంగతి నాకు ఎవరో గిట్టనివాళ్లు చెప్పలేదు. ఆవిడే చెప్పింది, నవ్వుతూ.

తల్లీతండ్రీ ఒకరి వెనక ఒకరు పోయేనాటికి మావారు నిక్కర్ల వయసులో ఉన్నారు. ఆవిడే సాకింది. డెయిరీ జీతంతో చదివించింది, డ్రైవింగ్ నేర్పించింది, ఆయనకు జ్వరమొస్తే డ్యూటీ ఎగ్గొట్టి మంచం పక్కన కూర్చుంది. ఇవన్నీ నిజాలే, నేను కాదనను. కాదంటే మావారు అన్నం మానేస్తారు. ఆవిడ పెళ్లి మాత్రం చేసుకోలేదు. తమ్ముడి కోసం త్యాగం చేసిందని చుట్టాలు చెప్పుకుంటారు. అసలు సంగతి వేరు. ఒక సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు బుద్ధిమంతుడే. ఎదురుగా కూర్చుని ఏదో అనబోతే, "ముందు ఆ పుచ్చిపన్ను పీకించుకుని రండి, మాటలు తర్వాత" అందట. పన్ను పీకించుకున్నాడో లేదో తెలీదు గానీ మనిషి మళ్లీ రాలేదు.

మావారు బస్సు డ్రైవరు. నేను అదే డిపోలో టికెట్ల కౌంటర్లో కూర్చునేదాన్ని. ఇష్టపడి చేసుకున్నాం. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్న సామెత పుట్టించినవాళ్లు మా వదినను చూడలేదు. చూసి ఉంటే అర్ధం దగ్గర ఆగేవాళ్లు కాదు.

కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే తలుపు తట్టకుండా మా గదిలోకి వచ్చి, నా దిండు తీసుకుని వాసన చూసింది. "తలకి ఏం రాస్తావే? తమ్ముడికి పడదు, మార్చు" అంది. మార్చాను. ఫ్రిజ్ తెరిచి, నేను మూతలు పెట్టుకున్న గిన్నెలు ఒక్కొక్కటే ముక్కు దగ్గరికి తీసుకుని, చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో సింకులోకి జార్చేది. ఇంటికి ఎవరొచ్చినా, "మా మరదలు మంచిదే గానీ, పాపం, ముక్కు లేదు" అని పరిచయం చేసేది. మాకు పిల్లలు పుట్టకపోతే ఆ సంగతిలోనూ తలదూర్చింది. ఏమందో ఇక్కడ రాయను.

ఇల్లు అంటే రెండు గదులు, వెనక వంటిల్లు, ముందు బండి పట్టేంత వాకిలి. ముందు గది ఆవిడది, వెనక గది మాది. నేను బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా ఆవిడ మంచం పక్కనుంచే దారి. దాటిన ప్రతిసారీ ఒక్క పీల్పు పీల్చి, చెమట, ఉల్లిపాయ, బస్టాండు అని పైకే చెప్పేది. నా పెళ్లయిన నాటి నుంచీ ఆ మంచం దాటుతూనే వచ్చాను.

మావారి తరఫువాళ్లలో ఒక పద్ధతి ఉంది. పాత వస్తువు ఏది కొన్నా, ఇల్లు అద్దెకు తీసుకున్నా ముందు అక్కకు చూపించాలి. "ముక్కు చూపించారా?" అని అడుగుతారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరో పాత ఫ్రిజ్ బేరం చేస్తుంటే ఆవిడ గుమ్మంలోనే ఆగి, "ఇందులో ఏదో చచ్చింది" అందట. వెనక రేకు విప్పితే మోటారు పక్కన ఎలకల గూడు, అందులో ఎండిపోయిన ఎలక పిల్లలు. ఆ రోజు నుంచి ఆవిడ మాటే మాట. పరుపులు, చెక్క బీరువాలు, అద్దె గదులు అన్నీ ఆవిడ సరే అన్నాకే. అమ్మేవాళ్లకు ఎదురుగానే వంకలు పెట్టేది, వాళ్లు ముఖం చిన్నబుచ్చుకుంటే ఇంటికొచ్చి అది అభినయించి చూపేది. అందరూ పడి పడి నవ్వేవాళ్లు. నేను టీలు అందించేదాన్ని.

ఆ తర్వాత ఆవిడకు ఒక పెద్ద జ్వరం వచ్చింది. చాలా రోజులు మంచం మీద ఉండి, లేచి, మళ్లీ పనికి వెళ్లింది. కొన్నాళ్లకు పని మానేసి ఇంట్లో కూర్చుంది. "మిషన్లు పెట్టారు. ఇక మనిషి ముక్కుతో వాళ్లకేం పని" అంది. సరే అనుకున్నాం. ఆ రోజుల్లోనే నా గిన్నెలు సింకులోకి పోవడం తగ్గింది. నా వంట బాగుపడిందనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో చూడండి. తువాళ్లకు మాత్రం వంకలు మానలేదు. తీగ మీద నుంచి అప్పుడే తీసి, ఎండ వాసన కూడా పోని తువాలు అందిస్తే, "కంపు కొడుతోంది, మళ్లీ ఉతుకు" అనేది. నేను మళ్లీ ఉతికేదాన్ని.

మావారు రిటైరయ్యాక బండి మాట మొదలైంది. సరుకుల వ్యాన్‌ని లోపల ఇల్లులా మార్చి అమ్ముతున్నారని ఎక్కడో చూశారు. పడకలు, స్టవ్, చిన్న సింకు, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. ఒకే రూటులో ముందుకీ వెనక్కీ తిరిగి తిరిగి విసిగిన మనిషి, ఏ స్టాపులోనూ ఆపక్కర్లేని రోడ్డు మీద నడపాలనుకున్నారు. కోరిక ఆయనది. దాన్ని పట్టుకుని వేలాడింది మాత్రం నేను. ఎందుకంటే ఆ బళ్లలో పడకలు రెండే ఉంటాయి. మూడో మనిషికి చోటు లేదు. నాకు కావలసింది రోడ్డూ కాదు, కొండలూ కాదు. ఆవిడ లేని నాలుగు గోడలు. అవి చక్రాల మీద ఉన్నా సరే. మిగిలిన ఆయుష్షులో అదొక్కటి దొరికితే చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాను.

బండి దొరికింది. గ్యారేజీల వీధిలో ఒక గడ్డపాయన అమ్ముతున్నాడు. పార్సిళ్లు మోసిన వ్యాను. లోపల చెక్క పనంతా తన చేతుల్తోనే చేశానన్నాడు. మేం ముగ్గురం వెళ్లాం. ముక్కు చూపించకుండా ఎలా కొంటాం?

మావారి పనితనానికి నేను వంక పెట్టలేను. మేం వచ్చేదాకా ఇంజను ముట్టుకోవద్దని ఆయన ముందే ఫోనులో చెప్పారు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి, చల్లగా ఉందని తేలాకే తాళం అడిగారు. ముందే వేడి చేసి పెడితే దాని రోగం బయటపడదట. అట్టముక్క పరుచుకుని బండి కిందకు దూరి టార్చి వేసి చూశారు. టైర్లు, బ్రేకులు, స్టీరింగు అయ్యాయి. కాగితాల్లో ఇంకా సరుకుల బండి అనే ఉందా, ఇల్లుగా మార్చినట్టు రాయించాడా అని అడిగారు. ఇంజను ఆపేసి లోపలి లైట్లు, ఫ్యాను వదిలి, ఆ బ్యాటరీ ఎంతసేపు ఓరుస్తుందో చూశారు. నీళ్ల ట్యాంకు నిండా నింపి, మమ్మల్నందరినీ ఎక్కించి, లారీలు తూచే కాటా మీదకు పోనిచ్చారు. గ్యాసు పైపు అతుకుల మీద సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూశారు. ఒక్క బుడగ రాలేదు.

అంత చూసిన మనిషి, గోడలూ పైకప్పూ చూడలేదు. అది అక్క పని.

తలుపు జరపగానే నిమ్మకాయ వాసన గుప్పున కొట్టింది. ఒక కాయ కాదు, తోట మొత్తం పిండినట్టుంది. గడ్డపాయన స్ప్రే డబ్బా ఖాళీ చేసి ఉంటాడు. నా కళ్లు మండాయి. మావారు గట్టిగా తుమ్మారు. వదిన మాత్రం మహారాణిలా లోపలికి ఎక్కింది. కళ్లు మూసుకుంది. అలమర తలుపు తీసి, డెయిరీలో మూత పట్టుకున్నట్టే, దాని లోపలి వైపు ముక్కు ఆనించింది. పరుపు అంచు ఎత్తింది, సింకు మీదకు వంగింది. కళ్లు తెరిచి తీర్పు చెప్పింది.

"ఏ వాసనా లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. కడిగిన గాజుగ్లాసులా ఉంది బండి."

 గడ్డపాయనే బిత్తరపోయాడు. డబ్బా కొట్టిన చెయ్యి ఆయనదే కదా. ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు, తర్వాత చటుక్కున బండి చక్రాల గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు అప్పుడు తెలిసింది. జ్వరం, నా గిన్నెలు, ఎండ వాసన పోని తువాళ్లు, అన్నీ ఒక్కసారి వరసలోకి వచ్చాయి. ఆవిడకు ముక్కు పోయింది. ఎప్పుడో పోయింది. ఉత్త ముక్కుతో నన్ను ఇన్నాళ్లు ఏలింది.

గాలి కోసం పైకప్పులో కోసిన చిన్న కిటికీ కింద, గోడ మీద బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి దిగింది.

"ఏవండీ, ఇక్కడ మెత్తగా ఉంది. ఆ నిమ్మకాయ కింద ఇంకో వాసనుంది. తడిసిన గోనెసంచి వాసన" అన్నాను.

"దీనికెప్పుడొచ్చిందిరా ముక్కు?" అని వదిన నవ్వింది.

మావారు జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంటూ అక్కను చూశారు. నన్ను చూశారు. చాలాసేపు బండి నేల వంక చూశారు.

"అక్క లేదంది కదా. ఇంక మాటెందుకు" అన్నారు.

దారిలో ఆయన ఒక్కరే దొరికినప్పుడు చెప్పాను. "మీ అక్కకి వాసన తెలియట్లేదండీ. మీరే తుమ్మారు కదా, ఆవిడకి అంత ఘాటు కూడా తెలియలేదు." ఆయన నా ముఖం చూడకుండా, "అసూయకైనా ఒక హద్దుండాలి" అన్నారు. బండి కొన్నారు.

ఇలాంటి బండి కొనబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మాట వినండి. ఇంజను ఎవడైనా చూస్తాడు. మీరు పైకప్పులో ఎక్కడెక్కడ కోశారో చూడండి, ఆ కోసిన చోట కింద గోడను వేలితో నొక్కండి, ఒక బకెట్టు నీళ్లు పైన గుమ్మరించి లోపల కూర్చోండి. పరుపులు ఎత్తండి, అలమర అడుగుల్లో చెయ్యి పెట్టండి. అమ్మేవాడు బండిని సువాసనలతో ముంచి పెడితే మర్యాదగా నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేయండి. అన్నిటికన్నా ముందు, మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకుని వెళ్లండి.

ఒక్క ప్రయాణం చేశాం, నేనూ ఆయనా. మొదటి రోజు నేను నిజంగా సంతోషపడ్డాను. స్టవ్ మీద టీ పెట్టుకున్నాను, ఎవరి మంచమూ దాటకుండా బయటికి వెళ్లాను, లోపలికి వచ్చాను. రెండో రోజు వాన పట్టుకుంది. గోడ మీద సన్నగా తడి గీత దిగింది, తర్వాత గోడంతా చెమర్చింది. ఆయన స్క్రూలు విప్పి ఆ పలక లాగితే, లోపలి చెక్క తడిసిన రొట్టెలా చేతిలోకి ఊడొచ్చింది. నల్లటి బూజు, దాని వెనక తుప్పు. నిమ్మకాయ ఎప్పుడో ఎగిరిపోయింది. ఆ కంపుకు తలుపు తెరుచుకుని వానలో కూర్చున్నాం. పైన పటారం లోన లొటారం అంటే విన్నాను గానీ, అందులో పడుకోవడం అదే మొదలు.

వెనక్కి తెచ్చి వెల్డింగ్ చేసేవాడికి చూపిస్తే, "రేకు జల్లెడైపోయింది సార్. దీన్ని బాగుచేసే బదులు కొత్తది కొనుక్కోండి" అన్నాడు. గడ్డపాయన ఫోను ఎత్తలేదు. కొనడానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గరే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగారు. బండి మా వాకిట్లో నిలిచిపోయింది. వదిన మాత్రం తొణకలేదు. "నేను చూసిన రోజు లేదు. వీళ్లు వానలో తిప్పి పట్టించుకున్నారు" అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మావారు తల ఊపారు.

ఆ తల ఊపడం చూశాక నాలో ఏదో గట్టిపడింది.

కొన్నాళ్లకు మావారి బాబాయి, పిన్ని వచ్చారు. రాత్రికి ఉంటారు. అందరం భోజనాల దగ్గర కూర్చుని ఉండగా, తియ్యగా అన్నాను. "వదినా, మీ బాబాయిగారూ వాళ్లూ మీ గదిలో పడుకుంటారు. మీరు బండిలో పడుకోండి. మెత్తటి పరుపు, స్టవ్, లైటు, అన్నీ ఉన్నాయి. మీరే చూసి బాగుందన్న బండి కదా."

ఆవిడ చెయ్యి కంచంలో ఆగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కంపు అంటే తన మాట తప్పు, కంపు లేదంటే వెళ్లి పడుకోవాలి. మావారు కంచంలోకే చూస్తున్నారు. బాబాయిగారు, "నీ ముక్కు ఓకే చేసిన బండా? ఇంకేం" అని నవ్వారు.

"నాకేం, హాయిగా పడుకుంటా" అంది వదిన.

నాకు సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు?

చుట్టాలు వెళ్లిపోయారు. ఆవిడను మళ్లీ లోపలికి నేను పిలవలేదు. ఆవిడ అడగలేదు. ఆ మంచం విప్పి సామాన్ల కొట్లో పడేశాను. ముందు గదికి సున్నం వేయించి, కిటికీ పక్కన నా కుట్టు మిషను పెట్టుకున్నాను. గుమ్మం నుంచి వంటింటి దాకా అడ్డం లేకుండా నడవడం కోసమే నడిచేదాన్ని. ఉల్లిపాయలు మాడేదాకా వేయించినా అడిగేవాళ్లు లేరు.

కిటికీలోంచి బండి కనిపించేది. ఆవిడకు తెలియని వాసన ఆవిడ చీరల్లోకి, దుప్పట్లోకి, జుట్టులోకి పట్టింది. పక్కింటామె మాట్లాడడానికి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలుపుకు బారెడు దూరంలో నిలబడేది. కొట్టతను ఆవిడ సరుకులు బల్ల చివర పెట్టి వెనక్కి జరిగేవాడు. తేలు కుట్టిన దొంగలా ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేకపోయింది. పగటిపూట రెండుసార్లు స్నానం చేయడం మొదలుపెట్టింది. మెడకు, చేతులకు తెల్లగా పౌడరు పూసుకుని బయటికి వచ్చేది. బూజు మీద పౌడరు. ఆ వాసన ఇంకా ఘోరం. ఒకసారి నా కిటికీ దగ్గర ఆగి, "ఏమే, ఈ చీర ఉతికిందేనా చూడు" అంటూ కొంగు లోపలికి చాచింది. అడగాలనుకుంది ఏమిటో నాకు తెలుసు. "రంగు బాగుంది వదినా" అన్నాను. కొంగు వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా మిషను తొక్కుతూ పాడుకున్నాను.

రోజూ పొద్దున్న మావారే ఆవిడకు టీ తీసుకెళ్లేవారు. ఆ రోజు వెళ్లిన మనిషి వెంటనే తిరిగొచ్చారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.  పిడికిట్లో స్టవ్ లైటరు ఉంది.

"గ్యాసు వదిలేసి ఉంది. మంట గాలికి ఆరిపోయినట్టుంది. బండంతా నిండిపోయింది. ఆవిడ నన్ను చూసి, రా తమ్ముడూ, ఈ పొయ్యేంటో అంటుకోలేదు, మళ్లీ వెలిగిస్తానుండు అని లైటరు తీసింది" అన్నారు.

నేను గిన్నె దించాను.

"ఏమన్నారు?"

"ఏమంటాను? లైటరు పాడైనట్టుంది అక్కా, ఇటివ్వు బాగుచేయిస్తా అన్నా. పొయ్యి కట్టేసి తలుపులు తెరిచా. గాలాడాలి అని చెప్పి బయట కూర్చోబెట్టా."

నేను పొయ్యి కట్టేశాను. తర్వాత నేను అడిగాను.

"అయితే తెలిసింది మీకు, ఆవిడకి వాసన తెలీదని."

"నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లు ఆగిన మనిషి, ఇక ఆగలేదు. "డెయిరీలో చెడిపోయిన క్యాన్ పాస్ చేసింది. ట్యాంకు మొత్తం పారబోశారు. అదే రోజు మానేయమన్నారు. మిషన్లూ లేవు, గిషన్లూ లేవు. గేటు దగ్గర ఏడుస్తూ నిలబడితే నేనే వెళ్లి తీసుకొచ్చా. ఎవరికీ చెప్పొద్దురా అంది."

"మరి బండి కొన్న రోజు?"

"ఆ నిమ్మకాయ వాసన నాకూ వచ్చింది."

"నేను గోడ మెత్తగా ఉందన్నాను."

"నువ్వు చెప్పింది నిజమే. నాకు అక్కడే తెలుసు."

"తెలిసే కొన్నారా?"

"ఆ గడ్డపోడి ముందు, నీ ముందు, అక్కా నీకు ముక్కు పోయింది అని చెప్పమంటావా? ఆవిడకి ఉన్నదల్లా అదొక్కటే కదే."

"నాకేం ఉంది?" అన్నాను.

ఆయన నిజంగానే ఆలోచించారు. "నీకు నేనున్నాను కదా" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. సిలిండరు పీకి బయట పడేయమన్నాను. పీకేస్తే మనకి తెలిసిపోయిందని ఆవిడకి తెలిసిపోతుంది అన్నారు. అయితే ఏం చేద్దామంటారని అడిగాను.

"నువ్వెళ్లి లోపలికి పిలువు. ఏం అడగొద్దు, ఏం చెప్పొద్దు. ఊరికే రా వదినా అను చాలు. వస్తుంది. నేను పిలిస్తే రాదు, చాలాసార్లు పిలిచా. పంపింది నువ్వు కదా, నువ్వే పిలవాలి."

వంటింట్లోంచి ముందు గది కనిపిస్తోంది. సున్నం తెల్లగా ఉంది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. గుమ్మం దాకా అడ్డమేమీ లేదు. రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలు నా నోట రాలేదు. రానివ్వలేదు అనడం నిజం.

"నేను పిలవను" అన్నాను.

"సరే" అన్నారాయన. కోప్పడలేదు. అదే నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. గదిలోకి వెళ్లి తన దిండు, దుప్పటి చంకలో పెట్టుకున్నారు. వాకిట్లో ఆవిడతో, "ఇంట్లో ఉక్కగా ఉందక్కా, ఇక్కడైతే గాలొస్తుంది. ఆ రెండో పడక ఖాళీయే కదా" అనడం వినిపించింది. "నేను చెప్తూనే ఉన్నాను, ఆ ఇంట్లో గాలి మంచిది కాదురా" అంది ఆవిడ.

అప్పట్నుంచి ఆయన అక్కడే. స్నానానికి, భోజనానికి లోపలికి వస్తారు. మర్యాదగా మాట్లాడతారు, కూర బాగుందంటారు. ఆయన చొక్కాలకు కూడా ఆ కంపు పట్టింది, వాటిని విడిగా నానబెట్టి ఉతుకుతాను. సాయంత్రాలు బండిలో లైటు వెలుగుతుంది. ఆవిడ ఏదో అంటుంది, ఆయన నవ్వుతారు. నా దగ్గర ఆయన అంతగా నవ్విన రోజులు గుర్తు చేసుకోవాలంటే వెతుక్కోవాలి. ఇల్లు నాదైంది. కోరుకున్నదే దొరికింది, నాలుగు గోడలూ నాకే.

నిన్న సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. బండి తలుపు తెరిచే ఉంది. వదిన మెడ నిక్కించి, గాలిలోకి ఒక్క పీల్పు పీల్చింది.

"తమ్ముడూ, మీ ఆవిడ మళ్లీ ఏదో మాడ్చినట్టుంది. వాసనొస్తోందా?"

ఆయన తల తిప్పి ఇటు చూశారు. కిటికీలో నేను ఉండడం చూశారు.

"అవునక్కా, మాడినట్టే ఉంది" అన్నారు.

నేను ఇంకా పొయ్యి వెలిగించలేదు.